కదలికకు ముందరి క్షణం

2017 ఆగస్టు 17. మఖ కార్తె అప్పుడే మొదలైంది. ఖమ్మం జిల్లా ముదిగొండలో సాయంత్రం 6 గంటల 11 నిమిషాలకు పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు. సరిగ్గా నైరుతి దిక్కున, నేల నుంచి సుమారు 35 డిగ్రీల ఎత్తులో, పగటి వెలుతురు చాటున ఉన్న చిత్త నక్షత్రానికి కాస్త దక్షిణంగా ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీ ఉంది. అక్కడ దాదాపు 13 కోట్ల ఏళ్ల కింద రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు బయల్దేరిన గురుత్వ తరంగం ఆ నిమిషంలో మన చేల మీదుగా, గ్రానైటు గుట్టల మీదుగా సాగిపోయింది. నాలుగు కిలోమీటర్ల పొడవు మీద ప్రోటాను వ్యాసంలో వెయ్యో వంతు కూడా లేని సాగుదల అది. అమెరికాలో గురుత్వ తరంగాలను పట్టే రెండు లైగో యంత్రాలు దాన్ని పసిగట్టాయి. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మీ ఉపగ్రహానికి గామా కిరణాల మెరుపు తగిలింది.

ఆ తరంగాన్ని చదివిన శాస్త్రజ్ఞులు ఒక్కో తార బరువెంత అన్న ప్రశ్నకు ఒకటి కాదు, రెండు జవాబులు ప్రచురించారు. తారలు తమ చుట్టూ తాము నెమ్మదిగానే తిరుగుతున్నాయని అనుకుంటే ఒక్కోటి సూర్యుడికి 1.17 నుంచి 1.60 రెట్లు. ఎంత వేగంగానైనా తిరగవచ్చని వదిలేస్తే 0.86 నుంచి 2.26 రెట్లు. తరంగం అదే, యంత్రాలు అవే. తార భ్రమణం గురించి మనకున్న అంచనా మారితే చాలు, జవాబు అంతగా చెదిరిపోయింది. రెండు తారల బరువుల్లో ఉన్న తేడా తరంగం మీద వేసే ముద్ర, వాటి భ్రమణం వేసే ముద్ర ఒకదాన్నొకటి బాగా పోలి ఉండటమే దీనికి కారణం. ఆ రెంటినీ విడదీయాలంటే, తిరిగే తారలు ఢీకొంటే తరంగం ఎలా ఉంటుందో ముందుగా లెక్కగట్టి పెట్టుకోవాలి. కాగితం మీద తేలే లెక్క కాదది. సూపర్ కంప్యూటర్ మీద ఐన్‌స్టైన్ సమీకరణాలను అడుగడుగునా సాధిస్తూ ఆ ఢీకొనడాన్ని మళ్లీ జరిపించాలి.

ఈ పనిలో జనం కళ్లు సాధారణంగా చివరి బొమ్మల మీద పడతాయి. రెండు గోళాలు సుడి తిరుగుతూ కలిసి, తోకలు చిమ్మే రంగుల వీడియోలవి. నా మనసు మాత్రం అంతకన్నా ముందున్న పని మీదే నిలుస్తుంది. ఇంకా ఏదీ కదలని మొదటి క్షణాన్ని తయారుచేయడం ఈ విద్యలో అన్నిటికంటే నాజూకైన పని. భ్రమణాన్ని నిజాయతీగా అనుకరణలోకి తేవడానికి పట్టిన ఆలస్యమంతా అక్కడే పట్టింది.

ముందు కొలతలు చూద్దాం. సూర్యుడికి 1.4 రెట్ల బరువున్న న్యూట్రాన్ తార వ్యాసార్ధం దాదాపు 12 కిలోమీటర్లు. ముదిగొండ నడిమధ్యన నిలిపితే దాని అంచు ఖమ్మం పట్టణం దాపుల్లోకి వస్తుంది. ఇంత చిన్న గోళం ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పడానికి ఈ రంగంలో కై అనే సంఖ్యను వాడతారు. తార కోణీయ ద్రవ్యవేగాన్ని దాని ద్రవ్యరాశి వర్గంతో భాగించి, కాంతివేగాన్నీ గురుత్వ స్థిరాంకాన్నీ సర్దితే ప్రమాణం లేని ఈ సంఖ్య వస్తుంది. అసలు తిరగకపోతే సున్నా. పల్సర్లుగా మనకు తెలిసిన తిరిగే న్యూట్రాన్ తారలన్నిటిలో వేగవంతమైనది సెకనుకు 716 సార్లు తిరుగుతుంది. దాని కై సుమారు 0.4 ఉండవచ్చు. కానీ అది న్యూట్రాన్ తార జోడీలోది కాదు. 2003లో కనుగొన్న జంట పల్సర్‌లో వేగంగా తిరిగే తార ఒక చుట్టుకు 22.7 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అంటే కై 0.02 చిల్లర. చిన్న సంఖ్యే. కానీ 2017 నాటి తరంగం యంత్రాల్లో సుమారు 3,000 చుట్లు తిరిగింది. చిన్న తప్పు అన్ని చుట్ల మీదా పేరుకుంటూ పోతుంది. పైగా జంట పల్సర్ ఒక ఉదాహరణ మాత్రమే. ఇంకా మనకు కనబడని జోడీల్లో వేగంగా తిరిగేవి ఉండవని ముందే తీర్పు చెప్పడానికి ఆధారం లేదు.

తొలినాళ్లలో తారలకు ఏ భ్రమణం ఇచ్చేవారో అర్థం కావాలంటే, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే ముగ్గురిని ఊహించుకోండి. మొదటి మనిషి ముఖం ఎప్పుడూ గర్భగుడి వైపే ఉంటుంది. పక్క అడుగులు వేస్తూ తిరుగుతాడు. ఒక ప్రదక్షిణ ముగిసేసరికి తన చుట్టూ తాను కూడా ఒకసారి తిరిగినట్టే. రెండో మనిషి ఎటు నడిచినా ముఖం తూర్పుకే. అతను గుడి చుట్టూ తిరిగాడు గాని తన చుట్టూ తాను తిరగలేదు. మూడో మనిషి ప్రదక్షిణ చేస్తూనే ఆత్మప్రదక్షిణం కూడా చేస్తాడు, తన వేగాన, తన దిక్కున. చాలా ఏళ్లపాటు కంప్యూటర్లలోని తారలు మొదటి ఇద్దరిలాగే తిరిగాయి. మొదటి పద్ధతిలో రెండు తారలూ ఒకే దిమ్మలాగా కలిసి తిరుగుతాయి కాబట్టి లెక్క సులువు. అయితే 1992లో శాస్త్రజ్ఞులు కొచానెక్ ఒకవైపు, బిల్డ్‌స్టెన్, కట్లర్ మరొకవైపు ఒక సంగతి తేల్చారు. చంద్రుడు భూమికి ఒకే ముఖం చూపేలా కట్టుబడినట్టు న్యూట్రాన్ తారలు కట్టుబడాలంటే వాటి ద్రవ్యానికి ఉండాల్సిన జిగట ఉండదు. కాబట్టి ఆ పద్ధతి ప్రకృతిలో జరిగేది కాదు. 1997, 1998ల్లో బొనజోలా, గూర్గులోన్, మార్క్ బృందం, ట్యూకోల్‌స్కీ, షిబాతా విడివిడిగా రెండో పద్ధతికి సూత్రాలు రాశారు. ద్రవం ప్రతిచోటా ఎంత వేగంతో పోతుందో ఒకే ఒక ప్రమేయం ఏటవాలు నుంచి వచ్చేస్తుంది. సుడి ఉండదు. నిజానికి దగ్గరగా ఉన్న పద్ధతి ఇది, కానీ భ్రమణానికి చోటు లేదు.

మూడో మనిషి ఎందుకు కష్టం? తిరగని తారకు భ్రమణ వేగాన్ని చేత్తో అద్దేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. సాపేక్షతా సిద్ధాంతంలో మొదటి క్షణాన్ని మన ఇష్టం వచ్చినట్టు రాసుకునే స్వేచ్ఛ లేదు. పది సమీకరణాల్లో నాలుగు కాలగతిని చెప్పవు. ఏ క్షణంలోనైనా స్థలపు వంపు, అందులోని పదార్థం, ఆ పదార్థపు కదలిక ఒకదానితో ఒకటి పొసగి ఉండాలన్న షరతులవి. వేగాన్ని పైనుంచి అద్దితే పదార్థపు కదలిక మారుతుంది, వంపు మాత్రం పాతదే మిగులుతుంది. ఇక రెండో చిక్కు తార లోపలి సమతూకంలో ఉంది. గురుత్వం లోపలికి లాగుతుంటే పీడనం బయటికి నెడుతుంది. వాటికి భ్రమణపు అపకేంద్ర బలం తోడైతే తార నడుము దగ్గర ఉబ్బాలి. ఉబ్బని తారకు భ్రమణం ఇస్తే అనుకరణ మొదలైన మరుక్షణమే అది మోగుతున్న గంటలా అదరడం మొదలుపెడుతుంది. నడిమి సాంద్రత పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తరంగంలో కనబడే మార్పు భ్రమణం వల్లనా, ఈ అదురు వల్లనా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు.

2011లో ఫ్లోరిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయానికి చెందిన వోల్ఫ్‌గాంగ్ టిషీ దీనికి దారి చూపించారు. ఆయన ఆలోచన చూడటానికి చిన్నదే, కాని దాని లోపలి పొందిక చూస్తే ముచ్చటేస్తుంది. ద్రవపు వేగాన్ని రెండు ముక్కలుగా విడదీశారు. మొదటి ముక్క పాతదే, సుడి లేని భాగం. తార కక్ష్యలో ముందుకు పోవడాన్నీ, పక్క తార లాగుడుకు ఒళ్లు సర్దుకోవడాన్నీ అది చూసుకుంటుంది. రెండో ముక్క శుద్ధ భ్రమణం. తార కేంద్రం నుంచి ఉన్న దూరాన్ని బట్టి పెరిగే వేగం అది. ఎంత వేగం, ఏ అక్షం మీద అన్నది మన ఎంపిక.

పనితనం అసలు ఈ తర్వాతి మెట్టులో ఉంది. మొదటి క్షణాన్ని కట్టేటప్పుడు అందరూ ఒక ఊతం పట్టుకుంటారు. కక్ష్యతో పాటు తిరుగుతూ చూస్తే బొమ్మంతా నిలిచిపోయినట్టు కనబడుతుందని అనుకుంటారు. తారలు దగ్గరపడటం ఒక చుట్టులో చాలా కొద్దిగానే జరుగుతుంది కాబట్టి ఆ అంచనా సబబే. కానీ అక్షం వాలిన తార దగ్గర ఈ ఊతం విరిగిపోతుంది. తార కక్ష్యలో సగం చుట్టు తిరిగినా దాని అక్షం దాదాపు పాత దిక్కునే చూస్తుంటుంది, మన ఋతువులకు కారణమైన భూమి అక్షం సంవత్సరమంతా ధ్రువ నక్షత్రం వైపే ఉన్నట్టు. కక్ష్యతో పాటు తిరిగే చూపుకు ఆ అక్షం నిలిచి ఉన్నట్టు కనబడదు. టిషీ ఏం చేశారంటే, రెండు ముక్కలకూ వేర్వేరు నియమాలు పెట్టారు. సుడి లేని ముక్క కక్ష్య చూపులో మారదు. భ్రమణపు ముక్క తారతో పాటు ప్రయాణించే చూపులో మారదు. ఒక్కో ముక్కకు దానికి తగిన నిలకడ దొరికింది. అలా చేయగానే ద్రవపు చలన సమీకరణం మొత్తం ఒక సరళమైన బీజగణిత సంబంధంగా కుదించుకుపోయింది. ఒక్కో తారకు ఒక్కో స్థిరాంకం మాత్రమే మిగిలింది. ఆ స్థిరాంకాన్ని తారలోని మొత్తం కణాల లెక్క మారకుండా ఉండేలా ఎంచుకుంటారు. ఒకే తార మెల్లగా తిరిగితే ఏమవుతుంది, వేగంగా తిరిగితే ఏమవుతుంది అని పోల్చాలంటే తార అదే అయి ఉండాలి కదా! శక్తి లెక్కన చూసే బరువు భ్రమణంతో పెరుగుతుంది. కణాల లెక్క పెరగదు.

ఈ సూత్రాన్ని అంకెల్లోకి దించే కోడ్ పేరు ఎస్‌గ్రిడ్. అది స్థలాన్ని చుక్కలుగా కాక నునుపైన ప్రమేయాల మొత్తంగా చూస్తుంది. నునుపైనచోట ఈ పద్ధతికి ఎదురులేదు. కొద్ది ప్రమేయాలతోనే ఎన్నో దశాంశ స్థానాల దాకా ఖచ్చితత్వం వస్తుంది. కానీ తార అంచు దగ్గర సాంద్రత హఠాత్తుగా సున్నాకు దిగుతుంది. ఆ విరుపు మీదుగా నునుపు ప్రమేయాన్ని సాగదీస్తే తప్పు లోపలంతా అలలుగా పాకుతుంది. అందుకని స్థలాన్ని విడి గదులుగా కోస్తారు. గది గోడ సరిగ్గా తార చర్మం మీదే ఉండేలా నిరూపకాలను వంచుతారు. ప్రతి గదిలోపలా అంతా నునుపే, విరుపు గోడ మీదే ఉంటుంది. అయితే తార ఆకారం మనకు ముందుగా తెలియదు, అదే తేల్చాల్సింది! కాబట్టి గోడలను కూడా లెక్కతో పాటు జరుపుతూ పోవాలి.

పని నడిచే తీరు ఇలా ఉంటుంది. ముందుగా తిరగని, ఒంటరి, గుండ్రని రెండు తారలను ఎదురెదురుగా పెడతారు. వాటి మధ్య దూరం 50 కిలోమీటర్ల చుట్టుపక్కల. వాటి చుట్టూ స్థలం వంపు ఎలా ఉండాలో సాధిస్తారు. ఆ వంపులో సుడి లేని వేగం ఎంతో తేలుస్తారు. అప్పుడు కొత్త సాంద్రత వస్తుంది, అంచు కాస్త కదులుతుంది. అంచు కదిలితే గదుల గోడలు మారతాయి. తార కేంద్రం జారిపోకుండా కక్ష్య వేగాన్ని సవరిస్తారు. కణాల లెక్క తప్పకుండా స్థిరాంకాలను సవరిస్తారు. మళ్లీ మొదటి మెట్టు. ఇక్కడ ఒక ఓర్పు సూత్రం ఉంది. కొత్తగా వచ్చిన జవాబును పూర్తిగా పుచ్చుకోరు. పాతదాన్ని ఎక్కువపాలు ఉంచి కొత్తదాన్ని కొద్దిగా కలుపుతారు. ఒక్కసారిగా మారిస్తే లెక్క ఊగిపోయి చెడిపోతుంది. అలా మెల్లమెల్లగా, నాలుగు షరతులూ పొసగే దాకా చుట్లు కొడుతూనే ఉంటారు.

అప్పటికీ ఒక లోపం మిగులుతుంది. కక్ష్యను ఖచ్చితమైన వృత్తం అనుకుని కట్టాం. నిజానికి తారలు కొద్దికొద్దిగా లోపలికి జారుతున్నాయి. ఆ జారుడు లేకుండా వదిలితే కక్ష్య కోడిగుడ్డులా కాస్త సాగుతుంది. ప్రకృతిలో ఈ జోడీలు కోట్ల ఏళ్లు తిరిగి తిరిగి కక్ష్యను గుండ్రం చేసుకున్నాకే మన యంత్రాలకు వినబడతాయి. కాబట్టి అనుకరణను రెండు మూడు చుట్లు నడిపి, దూరం ఎలా హెచ్చుతగ్గులవుతోందో గీత గీసి, దానికి తగ్గట్టు కక్ష్య వేగాన్నీ లోపలి జారుడునూ సవరించి, మొదటి క్షణాన్ని మళ్లీ మొదటి నుంచి కడతారు. ఇలా కొన్నిసార్లు చేస్తే సాగుదల వందో వంతు నుంచి వెయ్యో వంతుకు దిగుతుంది. నడిపిన ఆ చుట్లన్నీ పారేయడానికే. మంచి మొదలు కోసం సూపర్ కంప్యూటర్ కాలాన్ని ఇలా ధారపోయడం నాకు చాలా గౌరవంగా తోస్తుంది.

ఇంతసేపూ తార దేనితో చేసిందో చెప్పలేదు. దానికి హైదరాబాద్ రావాలి. నగర శివారులో షామీర్‌పేట దాపున బిట్స్ పిలానీ ప్రాంగణం ఉంది. అక్కడి భౌతికశాస్త్ర ఆచార్యురాలు సర్మిష్ఠా బానిక్, మత్తియాస్ హెంపెల్, దేబదేశ్ బంద్యోపాధ్యాయ్‌లతో కలిసి 2014లో ఒక పట్టిక ప్రచురించారు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో దాన్ని బీహెచ్‌బీ అంటారు. సాంద్రత ఇంత, ఉష్ణోగ్రత ఇంత, ప్రోటాన్ల పాలు ఇంత అయితే పీడనం ఎంత, శక్తి ఎంత అని చెప్పే పట్టిక అది. లక్షల గళ్లు. పలచని పొర నుంచి అణుకేంద్రకం కంటే ఎన్నో రెట్లు చిక్కనైన నడిగర్భం దాకా అందులో ఉన్నాయి.

దీని ప్రత్యేకత లాంబ్డా అనే కణాలు. సాంద్రత బాగా పెరిగినచోట న్యూట్రాన్లు కొన్ని లాంబ్డాలుగా మారడం శక్తి లెక్కన లాభం. కానీ అలా మారితే పీడనం తగ్గి తార మెత్తబడుతుంది, మోయగల గరిష్ఠ బరువు పడిపోతుంది. ఇటు చూస్తే 2010లోనూ 2013లోనూ దాదాపు రెండు సౌర ద్రవ్యరాశుల బరువున్న పల్సర్లు ఆకాశంలో తేలాయి. ఆ బరువు మోయలేని పట్టికకు విలువ లేదు. అందుకని లాంబ్డాలు ఒకదాన్నొకటి నెట్టుకునే బలాన్ని ఫై అనే మీసాన్ ద్వారా చేర్చిన రూపం ఒకటి కట్టారు. దాని గరిష్ఠ బరువు 2.1 సౌర ద్రవ్యరాశులు. పరిశీలన పెట్టిన మెట్టును దాటింది. లాంబ్డాలు లేని మూల పట్టికలో ఆ గరిష్ఠం 2.42. 1.4 సౌర ద్రవ్యరాశుల తారకు మాత్రం రెండు పట్టికలూ దాదాపు ఒకే వ్యాసార్ధం ఇస్తాయి, 13.2 కిలోమీటర్లు. అంటే ఢీకొనే ముందు కవలల్లా ఉండి, ఢీకొన్నాక వేరుపడే జంట అన్నమాట. ప్రయోగానికి ఇంతకంటే అనువైన జోడీ దొరకదు. డేవిడ్ రాడీచే, బెర్నూజ్జి, సహచరులు 2017లో ఆ పని చేశారు. భ్రమణం లేని తారలను ఈ రెండు పట్టికలతోనూ ఢీకొట్టించారు. లాంబ్డాలున్న తార ఢీకొన్నాక ఎక్కువ కుంచించుకుపోయింది. షామీర్‌పేటలో పుట్టిన అంకెలు ప్రపంచంలోని సూపర్ కంప్యూటర్లలో తారలుగా నిలిచిన సందర్భమది.

మొదటి క్షణంలో తారలు చల్లగా ఉంటాయి కనుక ఇంత పెద్ద పట్టికలోంచి ఒక్క గీతను మాత్రమే కోసి తీస్తారు. ఉష్ణోగ్రత దాదాపు సున్నా, ప్రోటాన్ల పాలు సమతూకంలో ఉన్నంత. ఢీకొన్నాక ఉష్ణోగ్రత పదివేల కోట్ల డిగ్రీలు దాటుతుంది. మిగతా గళ్లన్నీ అప్పుడు పనికొస్తాయి.

ఇక నడక. జర్మనీలోని యేనాలో బెర్న్డ్ బ్రూగ్‌మాన్ ఆధ్వర్యంలో పెరిగిన బామ్ అనే కోడ్ మొదటి క్షణాన్ని తీసుకుని ముందుకు నడుపుతుంది. స్థలమంతటినీ ఒకే సన్నని గళ్లతో నింపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి పెట్టెలో పెట్టె, అందులో మరో పెట్టె. లోపలికి పోయేకొద్దీ గడి వెడల్పు సగమవుతుంది. అన్నిటికంటే లోపలి పెట్టెలు తారలతో పాటే కదులుతాయి. అక్కడ ఒక గడి సుమారు 200 మీటర్లు. వెలుగు ఆ గడి దాటే కాలంలో నాలుగో వంతే ఒక్కో అడుగు. అంటే సెకనులో కోటో వంతుకు కాస్త పైన. 50 మిల్లీసెకన్ల కథకు దాదాపు మూడు లక్షల అడుగులు. అక్షాలు కక్ష్యకు నిటారుగా ఉంటే పైసగం, కిందిసగం అద్దంలో చూసినట్టు ఉంటాయి కాబట్టి ఒక సగమే లెక్కగట్టి ఖర్చు ఆదా చేస్తారు. అక్షం వాలితే ఆ వెసులుబాటు పోతుంది.

ఇవన్నీ చేశాక కూడా వీళ్లు తమ తారను తామే నమ్మరు. మనం ఇచ్చిన భ్రమణం నిజంగా తారలో ఉందా? కృష్ణబిలానికి అంచు ఉంటుంది, ఆ అంచు మీద భ్రమణాన్ని కొలవవచ్చు. తారకు అలాంటి అంచు లేదు. అందుకని తార చుట్టూ ఊహా గోళం గీసి, దాని మీద వంపు నుంచి కోణీయ ద్రవ్యవేగాన్ని కొలుస్తారు. గోళం పెద్దది చేసినా చిన్నది చేసినా అంకె నిలకడగా ఉంటే కొలత మంచిదని అర్థం. 2015లో టాసిక్, ఫూకార్, ఫైఫర్ బృందం మరో కోడ్‌తో 0.43 దాకా కై ఉన్న తారలను కట్టి ఇలాగే కొలిచి చూసింది. తర్వాత అదే అనుకరణను గళ్లు సన్నం చేస్తూ కనీసం మూడుసార్లు నడుపుతారు. జవాబుల మధ్య తేడా లెక్క ప్రకారం తగ్గుతూ రావాలి. తగ్గకపోతే ఎంత అందమైన ఫలితమైనా పక్కన పెట్టాల్సిందే.

మరి భ్రమణం ఏం చేస్తుంది? కక్ష్య తిరిగే దిక్కునే తారలు కూడా తిరిగితే వాటి మధ్య చిన్న వికర్షణ పుడుతుంది. కలయిక ఆలస్యమవుతుంది. ఎదురు దిక్కున తిరిగితే తొందరపడుతుంది. 2014లో బెర్నూజ్జి, టిమ్ డీట్రిష్, టిషీ, బ్రూగ్‌మాన్ ఇలా పద్ధతిగా కట్టిన మొదటి క్షణాల నుంచి నడిపిన తొలి అనుకరణల్లో, కై 0.1కి మించని తారలకే, చివరి మూడు కక్ష్యల్లో తరంగం 0.7 చుట్టు దాకా ముందువెనకలైంది. మూడు కక్ష్యలంటే ఆరు తరంగపు చుట్లు. అందులో దాదాపు ముప్పావు చుట్టు తేడా! తిరగని తారల తరంగంతో ఆకాశాన్ని చదివేవారికి ఇది చిన్న సంగతి కాదు.

కలిశాక కథ మరింత చిక్కబడుతుంది. కక్ష్య దిక్కున భ్రమణం ఉంటే రెండూ కలిసి మిగిలిన ఒక్క తారకు కోణీయ ద్రవ్యవేగం ఎక్కువ చేరుతుంది. అది కాస్త వదులుగా, కాస్త ఎక్కువసేపు నిలబడుతుంది, కృష్ణబిలంగా కూలడం వాయిదా పడుతుంది. బరువుల్లో తేడా ఉన్న జోడీల్లో తేలికైన తార ఆ దిక్కున తిరుగుతుంటే దాని పై పొరల పట్టు సడలి, తోకగా విసిరేసే ద్రవ్యం పెరుగుతుందని డీట్రిష్ బృందం 2017లో చూపింది. సూర్యుడి బరువులో వందో వంతు, అంతకు తక్కువ ఉండే ఈ ద్రవ్యంలోనే బంగారం వంటి బరువైన మూలకాలు పుడతాయి. అంత పలచని ద్రవ్యాన్ని పట్టాలంటే ఖాళీ స్థలాన్ని కోడ్ ఎలా చూస్తుందన్నది ముఖ్యం. సున్నా సాంద్రత దగ్గర ద్రవపు సమీకరణాలు పనిచేయవు కనుక శూన్యంలో లేశమాత్రపు కృత్రిమ వాతావరణం ఉంచుతారు. అది విసిరిన ద్రవ్యాన్ని అడ్డుకోనంత పలచగా ఉండాలి. వాలిన అక్షాల సంగతిని స్వామి వివేకానంద్‌జీ చౌరాసియా, సహచరులు 2020లో చేపట్టారు. అక్కడ కక్ష్య తలమే ఊగుతుంది, తరంగం బలం ఎక్కుతూ తగ్గుతూ వస్తుంది.

ఇప్పుడు రెండు దారులూ కలిసేచోటు కనబడుతుంది. లాంబ్డాలు మిగిలిన తారను కుంగదీస్తాయి, దాని తరంగపు స్వరాన్ని పెంచుతాయి. అనుకూల భ్రమణం తారను వదులుచేస్తుంది, నడిగర్భపు సాంద్రతను తగ్గిస్తుంది. సాంద్రత తగ్గితే లాంబ్డాలూ తగ్గుతాయి. ఒకదాని గుర్తును ఇంకొకటి చెరిపేయగలదు. 2 వేల నుంచి 4 వేల హెర్ట్‌జ్‌ల మధ్య ఎప్పుడైనా ఆ చివరి స్వరం మన యంత్రాలకు వినబడితే, భ్రమణం సంగతి తెలియకుండా దాని నుంచి తార గర్భంలో ఏముందో చెప్పడం తొందరపాటు అవుతుందని నా నమ్మకం.

2019 ఏప్రిల్ 25న రెండో జోడీ వినబడింది. మొత్తం బరువు 3.4 సౌర ద్రవ్యరాశులు, మన పాలపుంతలో తెలిసిన ఏ న్యూట్రాన్ తార జోడీ కంటే కూడా బాగా ఎక్కువ. మళ్లీ రెండు జవాబులే వచ్చాయి. నెమ్మది భ్రమణం అనుకుంటే ఒక్కోటి 1.46 నుంచి 1.87. అలా కాకుంటే 1.12 నుంచి 2.52. ఆ ఏడే డీట్రిష్ బృందం తాము అంతకుముందు అనుకరణల నుంచి కట్టిన తరంగపు సూత్రాన్ని సవరించి, తిరిగే తార నడుము ఉబ్బడం వల్ల తరంగంలో వచ్చే మార్పును కూడా అందులో చేర్చింది. వారాల తరబడి వేల కోర్ల మీద నడిచిన లెక్కల సారం అలా ఒక సూత్రంలోకి ఒదిగి, తరంగాలను చదివేవారి చేతికి అందింది.

ఒకప్పటి హైదరాబాద్ సంస్థానంలో భాగమైన హింగోలి జిల్లాలో, ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో ఇండియా కట్టడానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్ల రూపాయలు ఆమోదించింది. అది పనిలోకి వస్తే తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో ఇప్పటికంటే చాలా ఖచ్చితంగా తెలుస్తుంది. దూరదర్శినులు వెంటనే అటు తిరిగి, విసిరిన ద్రవ్యం ఎంతో వెలుగును బట్టి కొలవగలుగుతాయి. ఆ కొలతను తరంగం పక్కన పెడితే బరువుల తేడా, భ్రమణం విడిపోవడానికి ఇంకొక ఆధారం దొరుకుతుంది. దానికి సరిపోల్చే అనుకరణలో వాలిన అక్షాలు, పూర్తి పట్టిక, న్యూట్రినోలు, అయస్కాంత క్షేత్రం నాలుగూ ఒక్కచోట ఉండాలి, అద్దపు సగం వెసులుబాటు లేకుండా, మూడు రెజల్యూషన్లలో.